చీకట్లో పడ్డ పెద్దసారు

తొంభై రెండులో జరిగిన సంగతి ఇది. పటాన్‌చెరు సడక్ మీద, బాయిలర్లు చేసే కార్ఖానా గేటుకు ఎదురుగా సత్తెమ్మ చాయ్ బండి ఉండేది. ఆ బండి ముందరి బల్ల మీద కూర్చుని పోచయ్య కోతలు మొదలుపెట్టాడంటే, షిఫ్టు మారే కూత వినిపించినా ఆగడని పేరు. ఆ రోజు మాత్రం అతను మాట మాటకూ సడక్ దిక్కు చూస్తున్నాడు.

చూడక ఏం చేస్తాడు? కార్ఖానా పెట్టి పదేళ్లయిందని అతన్ని క్యాంటీను గోడ మీద పెద్ద బొమ్మ వేయమన్నారు. నడుమ కార్ఖానా యజమాని పెద్దసారు, చుట్టూ ఐదుగురు ఆఫీసర్లు, వాళ్లకు చాయ్ పోస్తూ సత్తెమ్మ. బొమ్మ నచ్చితే పోచయ్యకు బోర్డులూ నంబర్లూ రాసే పని. నచ్చకపోతే మళ్లీ రంగు కొట్టే స్ప్రే రూమే. తొమ్మిదేళ్లు ఆ గదిలో రంగు పొగ పీల్చి అతని ఛాతీ కొలిమి తిత్తిలా గురగురమంటోంది. "ఇంకో ఏడాది అదే గదిలో ఉంటే నా దగ్గరికి వచ్చే పని కూడా ఉండదు" అని సంగారెడ్డి డాక్టరు తేల్చి చెప్పాడు. బొమ్మ అయితే పూర్తయింది, పరదా కప్పి ఉంది. నాలుగింటికి పెద్దసారు పట్నం నుంచి వచ్చి చూస్తాడు. అప్పటికి మూడున్నర.

చిక్కల్లా ఒకటే. బొమ్మలో పెద్దసారు చీకట్లో ఉన్నాడు.

"ఇయ్యాల పగటీలి నేను పరదా ఎత్తి చూసిన" అన్నాడు ఫిట్టరు మొగులయ్య, చాయ్ ఊదుకుంటూ. "పెద్దసారు ఏడున్నడో లాంతరు పట్టుకొని దేవులాడాలె."

"అది హాలెండు పద్ధతన్నా. నీకు సమజ్ కాదు" అన్నాడు పోచయ్య.

"నీకెట్ల సమజైంది?"

అంతే, కోతకు దారి దొరికింది.

"పోయినేడు మిషిను బిగించనీకి హాలెండు దొర రాలేదా? ఆ మిషిను పెట్టెల ఒక క్యాలెండరొచ్చింది. ఐదువందల ఏండ్ల సంది ఆ దేశపోల్లు, పక్క సీమ ఫ్లెమిష్ వాల్లు ఏసిన బొమ్మలు, నెలకొకటి. ఒక బొమ్మల నిమ్మకాయ ఉంటది, సగం ఒలిచి తొక్క ఏలాడదీసిండు. దాన్ని చూస్తుంటెనే పండ్లు పులుస్తయి. దొర నన్ను పిలిచి ఎట్లుందన్నడు. నిమ్మకాయకు వంక లేదు గని దొరా, గిన్నె కింద నీడ వేలెడు ఎక్కువైందన్న. దొర టేపు పెట్టి కొలిచిండు. సరిగ్గ వేలెడే!"

"ఏ భాషల చెప్పినవన్నా?" అని ఆటో ఐలన్న నోరు తెరిచాడు. పోచయ్య ఏది చెప్పినా నమ్మేవాడు ఆ బండి దగ్గర అతనొక్కడే.

"రంగు పనోనికి భాషెందుకురా? ఇగ ఆ తర్వాత ఏమైందో ఎర్కేనా? నువ్వు ఈడ ఉండేటోనివి కాదని, దొర నన్ను అదే మిషిను పెట్టెల కూసోబెట్టి బొంబాయి కాడ ఓడ ఎక్కిచ్చిండు."

"ఎప్పుడు పోయినవ్? పోయినేడు నువ్వు ఒక్క నాగా పెట్టలే" అన్నాడు మొగులయ్య.

"ఐతారం పోయి సోమారం కూతకొచ్చిన. ఊకో జెర. ఆడ బొమ్మల కోట ఉంటది. ఒక్కో వందేండ్లకు ఒక్కో అర్ర. మొదటి అర్రల మేరీతల్లి, ఎర్ర దుప్పటి, అంచుకు ముత్యాలు. ఎన్ని ముత్యాలున్నయో అన్నిట్ల ఒక్కో కిటికీ మెరుస్తుంది. నూనెరంగు నీళ్లలెక్క పల్చగ పూసుడు, ఎండనిచ్చుడు, మళ్ల పూసుడు. ముప్పై కోటింగులు! మనతాన రెండో కోటింగు ఎండకముందే సూపర్‌వైజరు మెడ మీద కూసుంటడు."

ఆ మాట అన్నప్పుడు మాత్రం పోచయ్య గొంతులో కోత లేదు. ఏడాది పాటు పటేల్‌గూడలోని తన గదికి తెచ్చుకున్న ఆ క్యాలెండరును ముక్కుకు ఆనించుకుని చూసినవాడతను. కానీ జనం ముత్యాల కోసం కూర్చోలేదు. అతను గేటు వైపు ఒకసారి చూసి మళ్లీ అందుకున్నాడు.

"రెండో అర్రల పల్లెటూరి పెండ్లి. బొమ్మల ఉన్నోల్లంత తినుడే తినుడు. నన్ను చూసి జరిగి జాగిచ్చిన్రు."

"బొమ్మలోల్లా?"

"బొమ్మలోల్లే! తినకపోతె పెండ్లికొడుకు అలుగుతడని రెండు గిన్నెలు జుర్రిన. మూడో అర్రల కాలువలన్ని మంచు గడ్డ కట్టినయి, ముసలిముతక అందరు జారుతున్నరు. నేను గూడ కాలు పెట్టిన. జారిన అయ్యా... జారి జారి నాలుగు బొమ్మలు దాటి, ఆవులు మేసే బొమ్మల పడ్డ. ఆ ఆవుల పాలే తాగి లేచిన. ఆఖరి అర్రల ఒకడు రంగు తాపీతోటి గోడకు గిలాబు చేసినట్టు మెత్తిండు, పొద్దుతిరుగుడు పూల ఎండకు నా బనీను ఆరిపోయింది..."

దగ్గు వచ్చింది. దగ్గుతుండగానే సడక్ మీద జీపు చప్పుడయింది. పోచయ్య గ్లాసు పట్టుకునే సగం లేచాడు. అది రుద్రారం దిక్కు పోయే వేరే జీపు. అతను మళ్లీ కూర్చున్నాడు గాని, మాట జోరు పెరిగింది.

"అసలు కత ఇప్పుడొస్తది. గోడంత బొమ్మ. పదహారు మంది సిపాయిలు కలిసి ఏయించుకున్నరు. ఇద్దరి మీదనే ఎలుగు, తతిమ్మోల్లంత చీకట్ల. నేను పోంగనే చీకట్ల ఉన్నోల్లు కిందికి దుంకిన్రు. మూడువందల ఏండ్ల సంది మా మొకాలు కనవడ్తలేవు, ఏస్తవా సస్తవా అని పద్నాలుగు తుపాకులు నా ఛాతి మీద పెట్టిన్రు."

"వామ్మో! అప్పుడు?"

"నేను చెప్పిన, నాయనలార, ఎలుగుల ఉన్నోన్ని ఒక్కసారి చూసి పోతరు. చీకట్ల ఉన్నోన్ని దేవులాడి దేవులాడి చూస్తరు. పెద్దమనిషంటె దేవులాడవల్సినోడే! వాల్లు తుపాకులు పారేసి ఏడ్చిన్రు. ఆ దేశం రాణికి తెలిసి ఉరికొచ్చింది, గొప్పోల్లందరిని చీకట్లనే ఏయాలని హుకుం చేసింది, తన బొమ్మ మీద తనే డబ్బెడు నల్లరంగు పూసుకుంది. ఇప్పుడు హాలెండుల ఎవడెంత పెద్దోడైతె అంత కనవడడు!"

"గట్లయితె మన పెద్దసారు ఖుష్ అయితడన్నా!" అన్నాడు ఐలన్న.

పోచయ్య పొద్దున్నుంచీ సారు ముందు చెప్పాలని వండుకున్నది ఈ మాటే. ఐలన్నకు నచ్చింది, సారుకు ఎందుకు నచ్చదు?

సత్తెమ్మ గ్లాసులు కడుగుతూ తల ఎత్తకుండానే అడిగింది. "పోచయ్యా, మరి బొమ్మల నేనెట్లున్న?"

పోచయ్య సడక్ దిక్కు తిరిగాడు. మొగులయ్యే చెప్పాడు. "అచ్చం నువ్వే వదినే. చెంప మీద నూనె చిట్లిన మచ్చతోటి, ఎలుగుల నిలవడ్డవు."

"హాలెండు సంగతి నాకెర్క లేదు గని, ఇంక పావుగంటుంది. ఇంత రంగు తెచ్చి సారు మొకం మీద గూడ ఎలుగెయ్యరాదు?"

పోచయ్య గ్లాసు అడుగున మిగిలిన చాయ్ ఒంపేశాడు.

"పోనీ, సారుకు మీసముందా?" అంది సత్తెమ్మ.

పోచయ్య మొగులయ్యను చూశాడు. మొగులయ్య ఐలన్నను చూశాడు.

"ముక్కు? చప్పిడిదా, కోసుగుందా? అది గూడ తెల్వదా? మరి కాళ్లకేమేసుకుంటడు?"

"నల్ల బూట్లు" అన్నాడు పోచయ్య వెంటనే. "ఎడమ దానికి తాడు రెండు ముళ్లు."

"బొమ్మల ఆ బూట్లయితె అద్దాల్లెక్క మెరుస్తున్నయే!" అని మొగులయ్య తొడ చరిచాడు.

"అది సంగతి" అంది సత్తెమ్మ చేతులు తుడుచుకుంటూ. "నా మొకం దినాం చూస్తవు, వచ్చింది. సారు వస్తె తొమ్మిదేండ్ల సంది నేల చూస్తవు. తెల్వని మొకాన్ని చీకట్ల తోసి, దానికి పాపం హాలెండు రాణిని అడ్డం పెట్టినవు."

ఐలన్న కూడా నవ్వాడు. అతను నవ్వాడంటే ఇక కథలో ఏమీ మిగలనట్టే. సారు ఫోటో అడుగుదామని పోచయ్య మూడుసార్లు ఆఫీసు మెట్లదాకా పోయి, ధైర్యం చాలక వెనక్కి వచ్చాడు. ఆ మాట ఎవరికీ చెప్పలేదు. చెప్పాలన్నా ఇప్పుడు వ్యవధి లేదు. పెద్దసారు జీపు గేటులో మలుపు తిరిగింది. "పోచయ్యా, జల్దీ!" అని వాచ్‌మన్ కేకేశాడు.

క్యాంటీనులో పరదా దించారు. ఎవరూ దగ్గలేదు, చివరికి పోచయ్య కూడా. పెద్దసారు ఈ మూల నుంచి ఆ మూలకు, ఆ మూల నుంచి ఈ మూలకు చూశాడు.

"నేనెక్కడున్నానయ్యా?"

సిపాయిలు, తుపాకులు, రాణి అందరూ పోచయ్య నాలుక చివరికి వచ్చి నిలబడ్డారు. అతను అలవాటు కొద్దీ నేల చూశాడు. ఎడమ బూటు తాడుకు రెండు ముళ్లు.

"సారూ, మీ మొకం నేను ఎన్నడు చూడలే. అందుకే ఏయలే."

ఆఫీసర్లు ఒకరినొకరు చూసుకున్నారు. పెద్దసారు కుర్చీ లాక్కుని పోచయ్య ఎదురుగా కూర్చున్న చప్పుడయింది.

"నాకు పది నిమిషాల టైముంది. చూడు."

అందులో మూడు నిమిషాలు పోచయ్యకు మెడ ఎత్తడానికే సరిపోయాయి.