నాంచారమ్మ రాసిన ఉప్పునేల ఉత్తరం

నాంచారమ్మకి కబురొచ్చింది, నిన్ను తీసుకోవటం లేదని. ఏ నాంచారమ్మంటారా, సముద్రం పక్కన ఉప్పు మడుల్లో పనిచేసే మంగమ్మ లేదూ, ఆమె కూతురు. వ్యవసాయం చదువు చదివిందంట ఈ పిల్ల. ఉప్పు తేలిన నేలలో పంటెట్టా తియ్యాలో హాలండు దేశంలో నేర్పుతారంట, ఆ చదువే కావాలని పట్టుబట్టింది. సరే, టౌనులో ఓంకారమని ఒకాయన, బయటి దేశాలకి అప్లికేషన్లు పంపే ఆఫీసు పెట్టుకున్నాడు. నువ్వు సంతకం పెట్టమ్మా, మిగతాది నేను చూసుకుంటా అన్నాడంట. ఈ పిల్ల చదవకుండా పెట్టేసింది. రెండు నెలలకి ఆ కబురు, మూడంటే మూడు లైన్లు.

ఓంకారం ఏమన్నాడూ, వాళ్లంతేనమ్మా, ఇంకో దేశానికి ఏద్దాం అన్నాడు. ఇంకోళ్లయితే ఏడ్చి ఊరుకుందురు. ఈ పిల్ల ఏం చేసిందంటే, తనే తిన్నగా ఆ కాలేజీకి రాసింది, నాలో ఏం తక్కువైందో చెప్పండి అని. జవాబొస్తదని నేనైతే అనుకోను. వచ్చిందంట. ఒకావిడ రాసింది. ఈ చదువెందుకు కావాలో చెప్తా అప్లికేషన్తో నువ్వు పంపిన ఉత్తరమే ఐదుగురి పేర్లతో వచ్చింది, అక్షరం తేడా లేదు. నీ పదో తరగతి కాగితంలో నాంచారి, పాసుపోర్టులో నాంచారమ్మ, ఇద్దరూ ఒకరేనని మాకెట్టా తెలుసు? మార్కుల కాగితం మీ కాలేజీ నుంచి రావాలి, అది గడువు దాటాక వచ్చింది. వచ్చే ఏటికి గడువు ఇంకా ఇరవై రోజులుంది, అనీ రాసిందంట.

ఎగిరి గంతేసింది అనుకో. బస్సెక్కి ఓంకారం దగ్గరికి పోయి తన ఉత్తరం తను మొదటిసారి చదువుకుంది. ప్రపంచస్థాయి విద్య నా చిన్ననాటి కల, అని ఉంది. ఇది నేను రాయలేదు గదండీ అంటే, రాసేదేముందమ్మా, అందరి కలా అదేగా అన్నాడంట ఆ మహానుభావుడు. ఇంక ఆయనతో మాట్లాడలా. పేరు కాగితం కోసం నోటరీ దగ్గరికీ, మార్కుల కోసం కాలేజీకీ తిరిగింది, తిరిగింది, చెప్పులరిగేట్టు తిరిగింది. అవన్నీ అయినయ్యి. ఉత్తరం మాత్రం కావట్లా. రాస్తది, కొట్టేస్తది, మళ్లీ అదే కల వచ్చి కూర్చుంటది కాగితం మీద.

ఆఖరి రోజు, సాయంత్రంతో గడువు తీరుద్దనగా, మధ్యాహ్నం తల్లికి బువ్వ తీసుకుని మడుల దగ్గరికి పోయింది. ఏం రాయాలో తెలవట్లేదమ్మా అంది. మంగమ్మ తింటా తింటా, నాకేం తెలుసే, వదిలేసిన మడిలో ఆ ఎర్రకాడల మొక్క మొలిచిందా, నాలుగేళ్లకి జొన్న పండుద్ది, మొలవకపోతే పండదు, మీ అమ్మమ్మప్పట్నుంచీ చూస్తన్నా, నాకు తెలిసిందల్లా అదే అందంట. నాంచారమ్మ ఫోను తీసింది. మళ్లీ చెప్పమ్మా, మెల్లగా చెప్పు, అంది. అక్కడే గట్టుమీద కూర్చుని ఫోనులోనే రాసింది. ఏ మడి, ఎన్నో ఏట, ఎంత జొన్న, అన్నీ. ఆ మొక్కకీ జొన్నకీ సంబంధమేందో నేర్చుకోవాలి, అందుకే వస్తానంటన్నా, అని రాసింది. పంపుదామంటే సిగ్నలు లేదు! గట్టెంట పరిగెత్తింది, ఫోను పైకెత్తి, వెనకాల మంగమ్మ ఎంగిలి చేత్తో, అటు కాదే, రోడ్డెక్కు, రోడ్డెక్కు అంటా. రోడ్డెక్కింది. పోయింది ఉత్తరం. గడువు ఇంకా పావుగంట ఉందంట.

నెల తిరక్కుండా జవాబు. నిన్ను తీసుకున్నాం, వచ్చేటప్పుడు ఆ మొక్క ఫోటోలు తీసుకురా, మీ అమ్మగారిని అడగాల్సినయ్యి మాకు పదకొండు ప్రశ్నలున్నయ్యి, అని. మంగమ్మ అది ఇని, పదకొండేనా అందంట.

అదీ జరిగింది. ఓంకారం ఏమయ్యాడంటారా, ఏమవుతాడు, బానే ఉన్నాడు. ఆఫీసు ముందు నాంచారమ్మ ఫోటో పెద్దది కట్టించాడు, మేం పంపిన పిల్ల అని. దాని కింద పేరు మాత్రం నాంచారి అనే ఏశాడంట.