మాణిక్యమ్మ యాత్ర, తాతారావు కారు

మాణిక్యమ్మని ఉండేది, మా నాన్నకి మేనత్త వరస. ఆవిడ పెనిమిటి సత్తెయ్యకి భద్రాచలం వెళ్ళి, గోదాట్లో మునిగి, రాముణ్ణి చూడాలని ఒకటే ఆశంట. ఏటా కోతలయ్యాక వెళ్దామే అనేవాడంట, ఏటా ఏదో ఒకటి అడ్డం పడేదంట. అలా అనుకుంటూనే ఆయన పోయాడు. ఇక ఈవిడకి అన్నం ముందు కూచున్నా అదే, పడుకున్నా అదే. ఆయన చూడని రాముణ్ణి ఆయన పేరున నేనైనా చూసిరావాలి అని. మోకాళ్ళేమో బస్సెక్కనివ్వవు. ఏమైందంటే, ఎదురింటి తాతారావు కారు కొన్నాడు. "తీసుకెళ్ళక్కా, మీ మేనల్లుడు ఏడుకొండలుకి లైసెన్సుందిగా, వాడు నడుపుతాడు" అన్నాడు. మా వైపు ఒక నమ్మకం ఉందిలెండి, ఇంకొకళ్ళ బండి ఊరికే ఎక్కి యాత్రకెళ్తే పుణ్యం బండిగలవాడికే పోతుందని. అందుకని ఈవిడ తాంబూలంలో రూపాయి పెట్టి, ఇది బాడుగ, తీసుకోమంది. "ఛ, నాకు బాడుగేంటక్కా!" "నేనెళ్ళేది మీ బావ కోసంరా. పుణ్యం నువ్వు పట్టుకుపోతే ఆయనకేం మిగుల్తుంది?" నవ్వి తీసుకున్నాడంట.

వెళ్ళింది, మునిగింది, రాముడి ముందు నిలబడి, "ఇదిగో, కళ్ళారా చూసుకో" అని ఆయనకి చెప్పుకుంది. తిరిగొస్తుంటే గేదెలు అడ్డమొచ్చాయి. ఏడుకొండలు బండి పక్కకి తిప్పాడు, అది పోయి చెట్టుకి గుద్దుకుంది. మనుషులకేం కాలేదు, ఆ రాముడి దయ. కారు ముందుభాగం మాత్రం నుజ్జయిపోయింది అనుకోండి. ఇన్సూరెన్సాయన విచారణకొస్తున్నాడంటే తాతారావు పరిగెత్తుకొచ్చాడు. "అక్కా, సొంతానికని రాయించుకున్న కారు బాడుగకి తిప్పితే పైసా రాదంట. ఊరికే ఇచ్చానని చెప్పక్కా, నీకు దణ్ణం పెడతా." పాపం, ఆవిడేం చేస్తుంది? బాడుగ ఇచ్చానంటే వాడి కారు పోయె, ఇవ్వలేదంటే ఆయన పుణ్యం పోయె. పైగా రాముణ్ణి చూసొచ్చిన నోరు, అబద్ధమెలా ఆడుతుంది?

ఆడలేదు. ఆ పెద్దమనిషిని కూచోబెట్టి, మజ్జిగిచ్చి, తాంబూలం సంగతంతా చెప్పేసింది. తాతారావు నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు. ఇన్సూరెన్సాయనేమో ఫక్కున నవ్వాడంట. "అది బాడుగెలా అవుతుందమ్మా? కిరాయి మాట్లాడుకుని తిప్పితే తప్పుగానీ, తెలిసినవాళ్ళు అడిగితే ఇవ్వడం తప్పు కాదు. ఇన్సూరెన్సు బండికుంటుంది. నడిపినవాడికి లైసెన్సుంది, అంతే చాలు. ఊరికే ఇచ్చినట్టే రాసుకుంటాను." తాతారావు మొహం చాటంతయింది. ఈవిడ మొహం వాడిపోయింది. "ఊరికేననే రాస్తావా నాయనా?" "అవునమ్మా, మీకింక భయం లేదు." భయం సంగతి ఆయనకేం తెలుసు! ఆ సాయంత్రం దీపం పెట్టి, సత్తెయ్య పటం ముందు చాలాసేపు కూచుందంట. నిన్ను తీసుకెళ్ళాననుకున్నానయ్యా, అందంట.

మర్నాడు చూస్తే ఇంటికి తాళం. ఆ మోకాళ్ళతోనే బస్సెక్కింది, కండక్టర్ని అడిగి రెండు టిక్కెట్లు కోయించుకుందంట. కిటికీ పక్క సీటు ఖాళీగా ఉంచి, ఎవరొచ్చినా మనిషున్నాడమ్మా అని చెబుతూ కూచుంది, భద్రాచలం దాకా. ఇక తాతారావంటారా, కారూ బాగయింది, ఒక యాత్ర పుణ్యమూ ఊరికే కలిసొచ్చింది. తనేమో ఇప్పటికీ భద్రాచలం మొహం చూళ్ళేదండీ.