నీలం అంటిన గుడ్డ

నా పేరు షేక్ జానీ బాషా. తండ్రి పేరు ఇమాంసాహెబ్, ఆయన లేరు. నా వయసు యాభై ఏడు. లారీలకు రంగులు వేసి, పేర్లు రాసి బతుకుతాను. కాపురం చిత్తూరు. తిరుపతి పోలీసు స్టేషన్‌లో ఎస్సై ప్రసన్నకుమారి గారు అడిగినదానికి నా అంతట నేను చెబుతున్న మాటలివి. నన్ను ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు. టీ ఇచ్చారు. నేను తాగలేదు.

నాకు ఇద్దరు పిల్లలు. రాసే కానిస్టేబులు గారు ఆగి, ఇద్దరా అని మళ్లీ అడిగారు. ఇద్దరే. అమ్మాయి రుహీ హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతోంది. అబ్బాయి నవాజ్ సూళ్లూరుపేట దగ్గర ఫ్యాక్టరీలో పని చేసేవాడు. ఫిబ్రవరిలో ఒక ఆదివారం సాయంత్రం తిరుపతి నుంచి బండి మీద ఇంటికి వస్తూ, పాకాల దగ్గర రోడ్డు పక్కన ఆపి ఉన్న లారీకి వెనకనుంచి తగిలి చనిపోయాడు. ఆ లారీ వెనక ఉన్న అక్షరాలు నావి కావు. వెళ్లి చూసి వచ్చాను.

నవాజ్ సెలవు రోజుల్లో తిరుపతిలో కిరణ్ అనే అబ్బాయి షాపుకు వెళ్లేవాడు. మేడ మీద షాపు. బల్ల మీద చిన్న బొమ్మల సైన్యాలు నిలబెట్టి, పాచికలు వేసి ఆడే ఆట ఒకటి ఉంది. అక్కడ ఆడతారు, ఆ బొమ్మలు అమ్ముతారు, కొంటారు. వేలెడంత కూడా ఉండవు. కత్తులు పట్టిన మనుషులు, కర్రలు పట్టిన ముసలివాళ్లు, రెక్కల జంతువులు. జీతం తెచ్చే మగపిల్లవాడికి బొమ్మలేమిటని నేను ఎగతాళి చేసేవాణ్ణి. వాడు నవ్వి ఊరుకునేవాడు.

నలభయ్యో రోజు ఫాతిహాకు కిరణ్ మా ఇంటికి వచ్చాడు. భోజనాలయ్యాక నా భార్య గౌసియా బీ నవాజ్ రేకుపెట్టె తెచ్చి అతని ముందు పెట్టింది. అతను పై అరలో ఉన్న బొమ్మలను చాప మీద నిలబెట్టి, ఒక్కొక్కదానికీ విడిగా ధర చెప్పాడు. ఒకే అచ్చులో పోసినట్టున్న రెండు రెక్కల జంతువుల్లో ఒకటి నూటయాభై అన్నాడు, ఇంకొకటి నాలుగు వేలన్నాడు. నాకు నవ్వొచ్చింది. నవాజ్ పోయాక నేను నవ్వడం అదే మొదలు. అతను ఓపిగ్గా విడమరిచి చెప్పాడు. ఇవి మూసిన డబ్బాల్లో వస్తాయట. లోపల ఏముందో కొనేవాడికి తెలియదు. కొన్ని రకాలు వందల డబ్బాలు విప్పితేగాని ఒకటి దొరకదు. అలాంటిది కావాలనుకున్నవాడు విడిగా ఆ ఒక్కటీ వెతుక్కుని కొంటాడు. కత్తి విరిగినా, కాళ్ల కింది బిళ్ల పగిలినా ధర సగానికి పడిపోతుంది. ఇంతవరకు చెప్పాడు. రంగు గురించి చెప్పినట్టు నాకు గుర్తు లేదు. చెప్పలేదనే అతనూ అంటున్నాడు. అతను అబద్ధం చెప్పే మనిషి కాదు.

అతని బస్సుకు వేళయింది. కింది అర చూడకుండానే లేచాడు. అన్నీ షాపుకు తీసుకొస్తే ఒక్కొక్కటీ చూసి న్యాయమైన ధరకు కొంటానని చెప్పి వెళ్లాడు. మా ఖబరస్తాన్ గేటు దగ్గర మంచినీళ్ల తొట్టి కట్టించి నవాజ్ పేరు పెట్టాలని గౌసియా బీ కోరిక. వాడు కొనుక్కున్న వస్తువులు అమ్మిన డబ్బుతోనే అది కావాలి, పైసా కూడా ఇంకొకరిది కలవకూడదు అంది. తొట్టి మీద పేరు రాయాల్సింది నేను.

ఎస్సై మేడం గారు మొన్న ఆదివారం షాపులో జరిగిన సంగతి చెప్పమంటున్నారు. దానికి ముందు ఇది రాయాలి. పాత లారీ చేతులు మారేటప్పుడు ముందు నా దగ్గరికి వస్తుంది. ఇంజను లోపలుంటుంది, రంగు ఎదుటుంటుంది. సంతకు తోలే ఎద్దుకు కొమ్ములు చెక్కి రంగు పూసినట్టే ఇదీ. నేను కొత్త రంగు వేశాక లారీ ధర పెరిగిందేగాని తగ్గింది లేదు. ఆ బొమ్మలేమో రంగు వెలిసి, అంచులు రాసుకుపోయి ఉన్నాయి. అలాగే తీసుకెళ్లి బేరానికి పెడితే నా కొడుకును చిన్నబుచ్చినట్టు అవుతుందనుకున్నాను. అందుకని అన్నింటికీ కొత్త రంగు వేశాను.

పది రోజులకు పైగా పట్టింది. నా కుంచెలన్నిటిలోకీ సన్నది తీసుకున్నాను. గౌసియా బీ పక్కన కూర్చుని సెల్‌ఫోన్ లైటు పట్టుకునేది. నా చూపు మునుపటిలా లేదు. అయినా కళ్లకు కనుపాపలు పెట్టాను, కత్తులకు వెండి అంచులు పెట్టాను. ఆ పది రోజులు నా గుండెల మీద బరువు కొంచెం తగ్గింది. చెప్పడానికి సిగ్గుగా ఉంది, కానీ తగ్గింది. రుహీ ఇంట్లో ఉండి ఉంటే నన్ను ఆపేదేమో.

కింది అరలో కర్ర పట్టుకున్న ముసలివాళ్లు నలుగురు ఉన్నారు. నాలుగూ ఒకే అచ్చు. మూడింటికి బూడిదరంగు అంగీ. నాలుగోదానికి నడుము కింద నీలం, దాని మీద అడ్డదిడ్డంగా గీతలు, ఛాతీ మీద తెల్లటి ముద్ద. అది గౌసియా బీకి చూపించి ఒక మాట అన్నాను. ఇంట్లో మేం ఉర్దూ మాట్లాడతాం. కానిస్టేబులు గారు తెలుగులో చెప్పమంటే చెబుతున్నాను.

"సూడు, యా చేతగానోడు ఏసినాడో ఇది. గీతే నిలవలా."

ఆమె లైటు దగ్గరగా పెట్టి చూసి, అవునంది. నేను నాలుగింటికీ ఎర్ర అంగీ, తెల్ల గడ్డం వేశాను. ఆరాక వరసగా పెట్టి చూస్తే ఒక్క తల్లి బిడ్డల్లా ఉన్నాయి. చేయి బాగా కుదిరిందని సంతోషపడ్డాను.

మొన్న ఆదివారం పొద్దున పదకొండు గంటల ప్రాంతంలో పెట్టె తీసుకుని కిరణ్ షాపుకు వెళ్లాను. సంచిలో సన్న కుంచె, రంగు కరిగించే థిన్నర్ సీసా, తుడిచే గుడ్డ కూడా ఉన్నాయి. బేరం రోజున ఎక్కడైనా గీరుకుపోతే దిద్దడానికి అవి వెంట ఉంచుకోవడం నా అలవాటు. ఎవరికో హాని చేద్దామని తీసుకెళ్లలేదు. షాపులో కిరణ్ ఒక్కడే ఉన్నాడు. భూతద్దం పెట్టి ఒక బొమ్మ చూశాడు, ఇంకొకటి చూశాడు. తర్వాత భూతద్దం పక్కన పెట్టేశాడు.

"అంకుల్, ఇయన్నీ ఎవురు ఏసినారు?" అన్నాడు.

నేనేనని చెప్పి, ఎట్లున్నాయని అడిగాను. అతను స్టూలు లాక్కుని కూర్చున్నాడు. తర్వాత మెల్లగా చెప్పాడు. ఫ్యాక్టరీలో వేసిన రంగు వెలిసిపోయినా సరే, అదే ఉండాలట. ఇంకొక కుంచె తగిలితే, ఇలాంటివి సేకరించి దాచుకునేవాళ్లు కొనరట. నాలుగు వేలన్న జంతువు ఇప్పుడు వందకు కూడా పోదన్నాడు. మసిపూసి మారేడుకాయ చేయడానికి నేను వేయలేదని గట్టిగా అన్నాను. అలా ఎవరన్నారు అంకుల్ అన్నాడు. ఆడుకునే పిల్లలకు పనికొస్తాయి, నేనే ఉంచుకుని ఎంతో కొంత ఇస్తాను అన్నాడు. నాకు దానం వద్దన్నాను. ఇంతవరకు చేయి చేసుకోవడం ఏమీ జరగలేదు.

తర్వాత అతను పెట్టె కింది అరలో వెతకడం మొదలుపెట్టాడు. నవాజ్ వేసిన బొమ్మ ఎక్కడ అని అడిగాడు. నవాజ్‌కు కుంచె పట్టుకోవడమే రాదని నేను చెప్పాను. కుంచెలు వాడికి అందకుండా అటక మీద పెట్టినవాణ్ణి నేనే. స్టిక్కర్లు వచ్చాక ఈ పనిలో కూడు లేదు, నాతోనే ఆగిపోవాలని అలా చేశాను. అప్పుడు కిరణ్ చెప్పిన మాటలు చెప్పినట్టే రాయండి.

"ఈడనే కూర్చోని ఏసినాడు అంకుల్. రంగు లేని బొమ్మ ఒకటి విడిగా కొనుక్కోని, మూడు ఆదివారాలు ఏసినాడు. నీలం గళ్ల లుంగీ, బనీను. కర్రను కుంచె అనుకోమన్నాడు. మీరే అంకుల్ అది. ఒకాయన అడిగితే అమ్మేది కాదన్నాడు. మా అబ్బకు చూపీల్లంటే సిగ్గుగా ఉండాదిరా, ఇంకొంచెం చెయ్యి తిరగనీ అన్నాడు."

నీలం గళ్ల లుంగీ. అడ్డదిడ్డంగా ఉన్నవి గళ్లు. తెల్ల ముద్ద బనీను. చేతగానివాడు అన్నాను.

నలుగురు ముసలివాళ్లను బల్ల మీద పెట్టాను. ఏది వాడిదో నాకు తెలియలేదు. నాలుగింటినీ ఒకేలా చేసింది నేను. థిన్నర్ సీసా తీసి గుడ్డ తడిపాను. కిరణ్ వద్దన్నాడు. చెన్నైలో ఒకాయన ఉన్నాడు, పైపొర మాత్రం తీయగలడేమో కనుక్కుంటాను, ఒక్కరోజు ఆగండి అన్నాడు. ఆ మాట నాకు బాగా వినిపించింది. పని నేర్చుకోవడానికి వచ్చిన పిల్లలకు నేనే చెబుతాను, థిన్నర్‌కు పైరంగు కిందిరంగు తేడా తెలియదని. అన్నీ తెలుసు. అయినా చేయి ఆగలేదు.

మొదటిది తుడిచాను. ఎరుపు పోయి బూడిదరంగు, దాని కింద ఉత్త ప్లాస్టిక్. రెండోదీ అంతే. మూడోది తుడుస్తుంటే కిరణ్ నా మణికట్టు పట్టుకున్నాడు. నేను అతన్ని తోసేశాను. అతను అద్దాల బీరువా మీద పడ్డాడు. అద్దం పగిలి ముంజేయి తెగింది. థిన్నర్ సీసా ఒరిగి, బీరువాలో అమ్మకానికి పెట్టిన బొమ్మల మీద పడింది. వాటి ధరలు నాకు తెలియవు. అతను చేయి పట్టుకుని కింద కూర్చుని ఉన్నాడు, నెత్తురు కారుతోంది. నేను వెళ్లి పట్టుకోలేదు. నాలుగోది తుడుస్తున్నాను. నా నేరం అదే. నా కొడుకు స్నేహితుడు కళ్లముందు అలా ఉంటే నేను బొమ్మ తుడుస్తున్నాను.

నాలుగోదానికి ఎరుపుతో పాటే నీలం వచ్చింది. వెంటనే ఆపేశాను. అప్పటికే నీలమంతా గుడ్డకు వచ్చేసింది. థిన్నర్‌కు ముఖం మెత్తబడి, నా బొటనవేలి గీతలు దాని మీద పడ్డాయి. వాడు నా ముఖం ఎలా వేశాడో నేను చూడలేదు. పది రోజులు చేతిలో పెట్టుకుని కూడా చూడలేదు.

కింది షాపువాళ్లు పైకి వచ్చి పోలీసులకు ఫోన్ చేశారు. నేను ఎక్కడికీ పోలేదు. ఫిర్యాదు ఇచ్చింది మేడ యజమాని. కిరణ్ చేతికి కుట్లు పడ్డాయని, అంకుల్‌ను ఏమీ అనొద్దని ఆసుపత్రి నుంచి ఫోన్‌లో చెప్పాడని మేడం గారు నాతో అన్నారు. ఆ మాట కంటే నాలుగు దెబ్బలు కొట్టి ఉంటే బాగుండేది. అతని వైపు ఏ తప్పూ లేదు. ఏ శిక్ష వేసినా నాకు సమ్మతమే. గౌసియా బీకి ఇంకా ఏమీ చెప్పలేదు. తొట్టి ఎప్పుడు కడతారని ఆమె రోజూ అడుగుతుంది. ఏం చెప్పాలో నాకు తెలియదు.

సీసా, కుంచె, నాలుగు బొమ్మలు, గుడ్డ నా ఎదుటే కవర్లలో వేసి సీలు వేశారు. రాసినదంతా కానిస్టేబులు గారు నాకు చదివి వినిపించారు. ఒక మాట చేర్చమన్నాను. మిగతావి తిరిగి రాకపోయినా ఫర్వాలేదు. కేసు అయిపోయాక ఆ గుడ్డ మాత్రం నాకు ఇప్పించండి. ఎవరూ ఉతకొద్దు. దాని మీద ఎరుపు నాది. నీలం నా కొడుకుది.

ఇందులో నేను చెప్పని మాట లేదు, చెప్పినదాంట్లో అబద్ధం లేదు. నాకు సంతకం చేయడం వచ్చు. కలం తీసుకున్నాను. గీత నిలవలేదు. అందువల్ల వేలిముద్ర వేస్తున్నాను.

(ఎడమ బొటనవేలి ముద్ర)
షేక్ జానీ బాషా