పౌలన్న వేసిన సీలు

నవ్వుకోప్పా వేణూ, నవ్వుకో. రొట్టెల పెనం మీద ఇంజను కాల్చే ముసిలోన్ని యాడా చూసిండవులే. మీ పెద్దమ్మ గంగులమ్మ కూడా మొదట్లో ఇట్లనే నవ్వుతాండె, తర్వాత తిడతాండె, ఇప్పుడు రెండూ మానుకోని పాత పెనం నాకే ఇడిసిపెట్టింది. నీ చెట్లు కోసే మిషన్‌కు భయపడేంత ఏమీ కాలేదు. ఇంజను తిప్పే క్రాంకుకు రెండు పక్కలా ఉండే ఆయిల్ సీళ్ళు, అవే రబ్బరు రింగులు, పోయినాయి, వాటెనక బేరింగులు అరిగినాయి. అందుకే నువ్వు ఆక్సిలేటర్ వదిలినా చైను తిరుగుతానే ఉండాది. ఏమంటివి? రేపు సోమందేపల్లిలో చెట్టు ఒప్పుకున్నావా? ఒప్పుకుంటే ఒప్పుకున్నావులే, వాళ్ళు కాసుకోనుంటారు. కూచో. ఈ పని నాకు చూపించిన మనిషి గురించి చెప్తా, అంతలోపల ఈ ఇంజను కేసింగు కాగి పాత బేరింగులు ఊడొస్తాయి. పౌలన్న అని, పెనుగొండలో బస్టాండు ఎనకపక్క పంచరంగడి ఉండె ఆయప్పకు. నువ్వప్పుడు ముక్కు చీమిడితో తిరుగుతాండే వయసు, నీకేం గుర్తుంటాది.

పంచరంగడి అనేది పేరుకే. మందు కొట్టే స్ప్రేయర్లు, పెట్రోలు పంపులు, ఏదైనా సరే ఇప్పేది, బిగించేది. నోరు మాత్రం మంచిది కాదు. పని తెచ్చినోన్ని పది మాటలు అంటే గానీ స్పానర్ పట్టుకునే రకం కాదు. చెట్లు కోసే మిషన్లు మన పక్కకు కొత్తగా వచ్చిన కాలమది. అంతకుముందు మేము చెరొక పక్కా నిలబడి రంపం లాగేవాళ్ళం, సాయంత్రానికి రెక్కలు పడిపోతాండె. గొర్రెలు అమ్మి నేను మిషన్ కొంటి. మనూర్లో అదే మొదటిది. ఆ సంవత్సరం ఆయుధపూజ వచ్చె. మీ పెద్దమ్మకు భక్తి ఎక్కువ గదా, మిషన్‌ను బోరు పైపు కింద పెట్టి, సర్ఫు ఏసి, కొబ్బరిపీచుతో తోమింది చూడు, పెండ్లికొడుకు మాదిరి తళతళా మెరిసిపాయ. పూలదండ, కుంకుమ, నిమ్మకాయ, గుమ్మడికాయ కొట్టేది, అన్నీ అయినాయి. మనోళ్ళందరూ అంతే గదప్పా. ట్రాక్టరైనా, మోటరైనా, కొడవలైనా, తలకు పోసి గానీ బొట్టు పెట్టరు. దేవుని ముందర మురికి ఇనుము పెడతామా?

ఆ పండగ అయిన కొన్నాళ్ళకే మొదలాయ రోగం. ఆక్సిలేటర్ నుంచి వేలు తీస్తే చైను నిలబడేది లేదు. హిందూపురంలో ఎవరికో చూపిస్తే కార్బొరేటర్ స్క్రూ రవంత తిప్పిచ్చె. నాలుగు చెట్లకు బాగుండె, మళ్ళా అదే కత. అప్పుడే చెన్నేకొత్తపల్లిలో ఒక చింతమాను ఒప్పుకున్నా. పెద్దమాను, కొమ్మలన్నీ పెంకుటింటి మీదికి ఒరిగుండాయి. పైకెక్కి ఒక్కొక్క కొమ్మా తాడు కట్టి కోసి దించల్ల. ‘నువ్వు రాకుంటే ధర్మవరం నుంచి ఇంకోన్ని పిలిపిస్తాం’ అంటాండారు వాళ్ళు. ఇంట్లో మాకు ఆ పనే ఆధారం ఆ నెల. ఇంకేం చేసేది, ఆదివారం పొద్దున్నే మిషన్ భుజాన ఏసుకోని పెనుగొండకు పోతి.

పౌలన్న తెల్ల చొక్కా ఏసుకోని, చంకలో బైబిలు పెట్టుకోని, చర్చికి బయలుదేరతాండాడు. ‘అన్నా, ఒక స్క్రూ తిప్పిచ్చి పో, రేపు చెట్టెక్కల్ల’ అంటి. బైబిలు తీసి గంగాళం మూత మీద పెట్టి, మిషన్ తాడు లాగె. బుర్రుమనె. నొక్కె, ఇడిసె. చైను నిలబడలే. మళ్ళా నొక్కె, మళ్ళా ఇడిసె. నిలబడలే. ఆపేసి నా మొగం చూసె. ‘దీన్ని పట్టుకోని చెట్టెక్కుతావా?’ ‘ఇన్నాళ్ళూ ఎక్కలేదాన్నా?’ అంటి. ఆయప్ప స్పానర్ తీసుకోని ప్లగ్గు ఇప్పి, ఆ మసి ప్లగ్గును తెల్ల చొక్కా జేబులో ఏసుకోని, ‘ప్రార్థనకు పోయొస్తా, కూచో’ అని నడిచె. నేను ఎనకాలే పరిగెత్తి, ‘నా ప్లగ్గు నాకియ్యన్నా, అది లేకుంటే మిషన్ లేవదు’ అంటాండా. ‘ఇయ్యను పో. పోలీసులకు చెప్పుకుంటావో, పాస్టరుకు చెప్పుకుంటావో, నీ ఇష్టం.’ చర్చి మెట్ల మీద కూచుంటి. లోపల పాటలు పాడతాండారు, అందరికంటే ఈయప్ప గొంతే పైన. నా ప్లగ్గు జేబులో పెట్టుకోని దేవునికి స్తోత్రాలు చెప్తాండాడు, నాకు బయట ఒళ్ళు మండిపోతాండాది. బయటికి రాగానే ఆయప్ప పెండ్లాం మేరీ అక్క జేబు మీద మసి మరక చూసె. ‘అయ్యో అయ్యో, పండక్కు కుట్టించిన చొక్కా! ఏం మనిషివయ్యా నువ్వు, దేవుని సన్నిధికి ప్లగ్గులు మోసుకోనొస్తావా?’ నాకప్పుడు కడుపు చల్లబడె అనుకో.

ఇంటికి పోయి చొక్కా మార్చుకోని కూచునె. ‘మేరీ, నీ లంగా బొందు ఒకటియ్యి’ అని కేకేసె. నేను సిగ్గుతో పక్కకు తిరుక్కుంటి. ఎందుకో తెలుసా? ఆ బొందును ప్లగ్గు బొక్కలోంచి లోపలికి కుక్కితే పిస్టన్ పైకి రాలేక నిలబడిపోతాది. అప్పుడు క్లచ్చు ఇప్పొచ్చు. మర తలకిందులు, గుర్తు పెట్టుకో, మామూలుగా బిగించే పక్కకు తిప్పితే ఇప్పుకుంటాది. ఆ తర్వాత బొందు బయటికి లాగి, ఇంజను బొక్కలన్నీ పాత ట్యూబు ముక్కల్తో మూసి, సైకిలు పంపుతో గాలి కొట్టి, క్రాంకు చుట్టూ సబ్బు నురుగు పూసె. బుడబుడా బుడగలు! ‘చూడు, పంచరే ఇది. ఇంజను తిరిగేటప్పుడు ఈ సందులోంచి గాలి లోపలికి లాక్కుంటాది. గాలి ఎక్కువై, పెట్రోలు చాలక, దానంతటదే పరిగెత్తుతాది. స్క్రూ తిప్పితే దాని అరుపు తగ్గుతాది, పంచరు పోతాదా?’ అనె. సీలు పెరికి చూస్తే లోపల సన్న ఇసక, తుప్పు. ‘ఎవరప్పా దీనికి తలకు పోసింది?’ అని నన్ను చూసె. నేను పండగ సంగతి చెప్తి. ఆయప్ప నవ్వినాడు చూడు, కండ్లల్లో నీళ్ళొచ్చేదాకా నవ్వె. ‘మీ పూజను నేనేమీ అననప్పా రంగప్పా. పూలెయ్యి, కుంకుమ పెట్టు, కాయ కొట్టు. స్నానం మాత్రం నువ్వు చెయ్యి, దానికి చేయించొద్దు. బోరు నీళ్ళ బిరుసుకు ఇసక సీలు లోపలికి దూరింది.’ మరుసటేడు ఆయుధపూజకు నేనే పిలిస్తే వచ్చి, తుడిచి పెట్టిన మిషన్ను చూసుకోని, చిత్రాన్నం రెండు సార్లు పెట్టించుకోని తినిపోయె.

బేరింగులు గూడా అరిగిండాయి, కొత్తవి ఊర్లో లేవు. సోమవారం మొదటి బస్సుకు ఆయప్పే హిందూపురం పోయి తెచ్చె. నన్ను పంపలేదు, నేనైతే ఏదో ఒకటి తెస్తానని. నేను చెన్నేకొత్తపల్లికి ఫోన్ చేసి, ఒక్క దినం ఆగండని బతిమాలుకుంటి. కొత్త బేరింగులు కవరులో చుట్టి ఐసుక్యాండీలు అమ్మేవాని డబ్బాలో పెట్టె, కేసింగును మేరీ అక్క రొట్టెల పెనం మీద పెట్టె. నీళ్ళు చిలకరిస్తే చుయ్యిమని ఎగరల్ల, అంత సెగకు బేరింగు కూచునే బొక్క రవంత సాగుతాది. అప్పుడు ఐసులోంచి తీసిన బేరింగును అట్ల పైన పెడితే, టక్కుమని దానంతటదే కూచునె. సుత్తి ముట్టలే. సుత్తితో కొడితే కొత్త బేరింగు కూచునే దినమే చచ్చిపోతాదంట. సీలు తొడిగేటప్పుడు క్రాంకు మొనకు పాల ప్యాకెట్ కవరు చుట్టి, గ్రీసు పూసి, మెల్లగా జార్చె, దాని పెదవి తెగకుండా. రేపు కొత్తవి తెచ్చి బిగించేటప్పుడు నువ్వూ అట్లనే చేస్తావు, నేను పక్కనుంటా. అంతా బిగించి తాడు లాగి, నొక్కి, ఇడిసె. చైను ఠక్కున నిలబడె. ‘ఇంక పో’ అనె. అంతే.

మర్సనాడు చెట్టెక్కితి. కొమ్మల పంగలో కాలు పెట్టి ఒక లావు కొమ్మ కోసినా. అది తాడు మీద ఊగుతా కిందికి పోయె. నేను వేలు తీసేసినా, మిషన్ చేతిలో డుగుడుగు అంటాండాది. బెరడు ఊడి కాలు జారె. నడుముకు కట్టిన తాడు పట్టేసె గానీ, మిషన్ చెయ్యి జారి ఇదో ఈడ, ఈ తొడ మీద పడె. ఇంజను తిరుగుతానే ఉండాది వేణూ. చైను తిరగడంలే. దాని పండ్లు ప్యాంటు గుడ్డను పట్టుకోని అట్లనే నిలబడుకోనుండాయి. ఆ ముందు ఆదివారం నా ప్లగ్గు నాకిచ్చింటే ఈ కాలు ఉండేదా? కాలేంది, అంత పైన, అంత రక్తం పోతే నేనే ఉండేవాన్నా? మీ పెద్దమ్మ బొట్టు, నా ఇద్దరు పిల్లోళ్ళ బువ్వ, అన్నీ ఆయప్ప పెట్టినవే. దాచుకోని చెప్పేదేముంది.

సాయంత్రం నేరుగా పెనుగొండకు పోయి చెప్తి. తల ఎత్తకుండా విని, ‘చైను నిలబడిందా?’ అనె. ‘నిలబడిందన్నా.’ ‘సరే’ అని స్ప్రేయర్ పని మీదకు వంగె. స్క్రూడ్రైవరు గాడిలో కూచోవడంలే. మళ్ళా పెట్టె, మళ్ళా జారె. మేరీ అక్క వచ్చి దాన్ని తీసి పక్కన పెట్టి, ఇద్దరికీ నీళ్ళిచ్చె. ఆయప్ప తర్వాత చాన్నాళ్ళు ఉండె, చాలా మందికి సీళ్ళు ఏసె, అందర్నీ తిట్టె. గుండెనొప్పితో పాయ. ఎండాకాలం. చర్చి నుంచి కొండ కింద సమాధుల దాకా పెట్టె మోయల్ల. దోవంతా ఎత్తే. మోసేవాళ్ళు మారతాండారు, ‘రంగప్పా, నువ్వూ మార్చుకో, అలిసిపోయినావు’ అంటాండారు. నేను మార్చుకోలే. ఆయప్ప నిలబెట్టిచ్చిన కాలు గదప్పా, ఈ కాలితోనే చివరిదాకా నడిచినా.