ప్రోబు పట్టిన చెయ్యి

మనీష్ పెద్దకర్మ అయిన మర్నాడు, అతనితో పనిచేసిన సల్మాన్ కంపెనీ సామాను తీసుకుపోవడానికి తాండూరు వచ్చాడు. మనీష్ ఇంటి నుంచే పనిచేసిన వెనక గదిలో నాపరాయి బల్ల మీద చిప్పు బోర్డు, సిగ్నలును తెర మీద గీతగా చూపే స్కోపు, దాని తీగ చివర సూది ఉన్న ప్రోబు అట్లాగే ఉన్నాయి. సల్మాన్‌కు వాటిని ముట్టబుద్ధి కాలేదు. మనీష్ భార్య వైశాలి తలుపు దగ్గర నిలబడింది.

"ఆయన పని మొత్తం అయిందా భయ్యా?"

"సిగ్నలు ఎంత జల్ది లేస్తదో కొలిసిండు వదినా. ఎంత జల్ది దిగుతదో కొలుసుడు మిగిలింది. ఆఫీసుల చేస్తం తియ్యి."

"గీడనే చెయ్యి. ప్రోబు నేను పట్టుకుంట."

"నువ్వా?"

"ఆయనకు రెండు చేతులు చాలకపోతుండె. రోజూ నేనే పట్టుకుంటుంటి."

ఆమె ప్రోబు సూదిని చిప్పు కాలికి ఆనించింది. తెర మీద గీత వణికింది.

"జర చెయ్యి కదలకుండ, వదినా."

"ఆయన గూడ గిదే అంటుండె. ఊపిరి బిగవట్టు అంటుండె."

ఆమె ఊపిరి బిగబట్టింది. గీత నిలిచింది.

"అచ్చింది వదినా. అయిపోయింది, ఇగ ఇడువు."

ఆమె చెయ్యి తియ్యలేదు.

"ఇంకొక్కపారి కొలువు భయ్యా."

"సక్కగనే అచ్చింది గదా వదినా."

"ఎరుకే. ఇంకొక్కపారి కొలువు."