అడ్డు తొలగిన శనివారం

1996 వేసవి. దోహాలో, మెసైమీర్ లేబర్ క్యాంపు వెనక, ఇద్దరు డ్రైవర్లు కంపెనీ బస్సు కడుగుతున్నారు. ఒకడిది గుంటూరు జిల్లా. మాట మొదలుపెట్టిన పెద్దాయనది నిజామాబాద్.

"తమ్మీ, ఫోర్‌మన్‌తోని మాట్లాడిన. ఈ వారం సంది శనివారం నీ డ్యూటీ నేను జేస్త. బదులుకు శుక్రవారం నమాజ్ అయినంక మాపటిదాక నా బండి నువ్వు తోలు."

"అయ్యో, నిన్నెవరు అడిగారు భాయ్?"

"నువ్వే! మూడేండ్ల సంది ఒకటే ఏడుపు గదా. గుంటూరు దిక్కు మా వాడోళ్ళమంత యూదులం, శనివారం పని జెయ్యొద్దు, ఈ కంపెనీ నా దీన్ ధర్మం ఖరాబ్ జేస్తున్నదని."

"మెల్లిగా అను, ఎవరన్నా వింటారు."

"గదేంది, ఖుషీ గాలేవా?"

"ఏం ఖుషీ! ఇన్నాళ్ళూ కంపెనీని తిట్టుకుంటూ హాయిగా భక్తుడిగా బతికాను. మా ఊళ్ళో శనివారం ప్రార్థన జరుగుతుంటే వెనక వరసలో కునికేవాణ్ణి. నా నిష్ఠంతా ఇక్కడ సెలవు దొరకదని తెలిశాకే పుట్టింది."

"మరి ఇంటికి క్యాసెట్‌ల ఏం జెప్పి పంపినవ్?"

"డ్యూటీ అడ్డు లేకపోతే శనివారమంతా ప్రార్థనలోనే ఉండేవాణ్ణని. మా అమ్మ దాన్ని వాడంతా వినిపించిందట."

"ఇంకేంది, ఉండు."

"ఎట్లా ఉండేది? నాకు ప్రార్థనలో మొదటి ముక్క ఒక్కటే వచ్చు. మిగతాదానికి పెదాలు కదిపేవాణ్ణి."

"ఆ ఒక్కటే జెప్పు."

"తర్వాత?"

"మల్ల గదే జెప్పు. పొద్దుగూకేదాక నీకు అడ్డమొచ్చేటోడు ఎవడూ లేడు."