వెనక బెంచీలో పాతికేళ్ళు

1994వ సంవత్సరం జులై నెల పదకొండో తేదీ, సోమవారం ఉదయం, మేడమ్‌గారు ఈ జీవశాస్త్ర పరిశోధన సంస్థలో ఉద్యోగంలో చేరారు. అప్పటికి వారి వయస్సు ఇరవై ఎనిమిదేళ్ళు. చేతిలో కొత్త డాక్టరేటు పట్టా, ఇంట్లో ఏడాది నిండని కూతురు, మనసులో ఒకే ఒక కోరిక. కళాశాలలో మొదటి సంవత్సరం విద్యార్థులకు పాఠం చెప్పాలన్నదే ఆ కోరిక. ఆ ఏడు ఏ కళాశాలలోనూ ఖాళీ లేనందువల్ల, ఒక్క సంవత్సరం ఇక్కడ గడిపి వెళ్ళిపోదామన్న ఉద్దేశంతోనే చేరానని వారు తరువాతి కాలంలో నవ్వుతూ చెప్పేవారు. ఆ ఒక్క సంవత్సరం ముప్పై రెండు సంవత్సరాలై, ఈ జూన్ ముప్పయ్యో తేదీన వారి పదవీ విరమణతో ముగుస్తున్నది.

తొలి ఏడేళ్ళూ వారు సూక్ష్మదర్శిని ముందే గడిపారు. వారి పరిశోధన పత్రాలకు మంచి పేరే వచ్చింది. అయినా వీధికి ఆవలివైపున్న కళాశాలలో గంట మోగినప్పుడల్లా తల ఎత్తి కిటికీ వైపు చూసేవారని, ఆ రోజుల్లో వారితో ఒకే బల్ల పంచుకున్నవారు ఇప్పటికీ చెప్పుకుంటారు.

2001వ సంవత్సరంలో ఆ కళాశాల ప్రిన్సిపాల్ మన డైరెక్టరుగారి గదికి వచ్చి, కడుపులో ఉన్న మాట బయటపెట్టారు.

"మీ దగ్గర్నుంచి వచ్చే డాక్టర్లకి తెలియని విషయం లేదండీ. తెలియజెప్పడమే రాదు. పిల్లలు మొదటి నెల్లోనే చేతులెత్తేస్తున్నారు."

డాక్టరేటు ముగించి, స్థిరమైన ఉద్యోగం దొరికేదాకా రెండు మూడేళ్ళు ఇక్కడ పరిశోధన చేసే పోస్ట్‌డాక్‌లను గురించిన మాట అది. వారిలో సగానికి పైగా చివరికి అధ్యాపకులే అవుతారు. కానీ పాఠం ఎలా చెప్పాలో వారికి ఎవరూ ఏనాడూ నేర్పిన పాపాన పోలేదు. ఏదో సంతకం కోసం ఆ గదిలో నిలబడి ఉన్న మేడమ్‌గారు, తనను ఎవరూ అడగకుండానే, "ఆ పని నాకివ్వండి సార్" అన్నారు.

ప్రయోగశాలల అధిపతులు ముక్కు విరిచారు. "ప్రయోగాలు మానేసి పాఠాలేంటమ్మా? మా పిల్లల్ని పాడుచెయ్యకండి" అన్నవారూ ఉన్నారు. వారానికి ఒక పూట ఇస్తే చాలునని ఒక్కొక్కరి గడపా తొక్కి, ఒప్పించి, రెండో అంతస్తులో పాడైన పరికరాలు పడేసే గదిని అటెండరు సాయంతో స్వయంగా ఊడ్చి, ఎనిమిది కుర్చీలతో, ఒక నల్లబల్లతో వారు ఈ శిక్షణ ప్రారంభించారు. ఆరు నెలలు ఆ గదిలో అభ్యాసం. తరువాతి ఆరు నెలలు ఎదురుగా ఉన్న కళాశాలలో, నిజమైన విద్యార్థుల ముందు, నిజమైన పాఠం. పాఠం జరిగినంతసేపూ మేడమ్‌గారు చివరి వరుసలో నోటుపుస్తకం తెరుచుకుని కూర్చునేవారు. అందువల్లనే కళాశాల విద్యార్థులు వారికి 'వెనక బెంచీ మేడమ్' అని పేరు పెట్టారు. ఆ పేరు వీధి దాటి మన సంస్థకూ వచ్చి స్థిరపడిపోయింది.

తొలి జట్టులో ప్రొటీన్లపై పరిశోధన చేసే ఒక యువకుడుండేవారు. ఆయన మొదటి పాఠంలో యాభై నిమిషాలకు ఎనభై స్లైడ్లు చూపించి, చెమట తుడుచుకుంటూ వచ్చి, "ఎలా ఉంది మేడమ్?" అని అడిగారు.

"మీకు బాగా వచ్చని తెలిసింది డాక్టరుగారూ. వాళ్ళకేం వచ్చిందో తెలిసిందా?"

"సందేహాలున్నాయా అని అడిగాను కదండీ. ఎవరూ నోరు విప్పలేదు."

"అడిగాక ఎంతసేపు ఆగారు?"

"చాలాసేపే ఆగానండీ."

"రెండు సెకన్లు. నేను లెక్కపెట్టాను."

మరుసటి వారం మేడమ్‌గారు ఆయనతో ఎనభై స్లైడ్లూ పక్కన పెట్టించి, ఒకే ప్రశ్న ఇచ్చి పంపారు. చిన్న విత్తనం ఇంత పెద్ద చెట్టవుతుంది కదా, ఆ బరువంతా ఎక్కడి నుంచి వచ్చింది? ప్రశ్న వేసి, ఎంత ఇబ్బందిగా ఉన్నా పది సెకన్లు నోరు మూసుకోవాలన్నది షరతు. నాలుగో సెకనుకు ఆయన పెదవి కదిలింది. వెనక వరుసలో మేడమ్‌గారు వేలు అడ్డంగా ఊపారు. ఎనిమిదో సెకనుకు మధ్య వరుసలోంచి ఒకరు, "మట్టి నుంచండీ" అన్నారు. వెంటనే పక్కనున్నవారు, "మరి చెట్టు చుట్టూ పెద్ద గొయ్యి పడాలిగా?" అన్నారు. తరగతి గొల్లున నవ్వింది. తరువాత నీళ్ళన్నారు, ఎరువన్నారు, ఎండన్నారు. చివరికి ఒకమ్మాయి, తన మాట తనకే నమ్మకం లేనట్టు, "గాలి నుంచా?" అంది. చెట్టు బరువులో ఎక్కువ భాగం గాలిలోని బొగ్గుపులుసు వాయువు నుంచి వచ్చిందే మరి. ఆ క్షణంలో ఆ యువకుడి ముఖంలో కనిపించిన వెలుగును వర్ణించమంటే మేడమ్‌గారు మాట మార్చేసేవారు. అది చూసినప్పుడు తనకు సంతోషంతో పాటు మరొకటి కూడా కలిగిందని, దానిని అసూయ అనవచ్చునో లేదో తెలియదని, ఒకే ఒక్కసారి ఒక సహోద్యోగినితో అన్నారు.

2009వ సంవత్సరం వారి జీవితంలో పరీక్షా సమయం. ఆ కళాశాలలో జీవశాస్త్ర అధ్యాపక పదవి ఖాళీ కాగా, ప్రిన్సిపాల్ స్వయంగా ఫోన్ చేసి, మొదటి సంవత్సరం రెండు సెక్షన్లు వారికే ఇస్తామన్నారు. మేడమ్‌గారు మధ్యాహ్నం వెళ్ళి ఆ గది చూసి వచ్చారు. మెట్లుమెట్లుగా బెంచీలు, తూర్పున మూడు కిటికీలు, సగం తుడిచిన నల్లబల్ల. ఖాళీ గదిలో బల్ల దగ్గర పది నిమిషాలు నిలబడ్డారట. తిరిగి వచ్చేసరికి, మీరు వెళ్ళిపోతే ఈ శిక్షణ నడిపేవారు లేరు గనుక మూసివేయక తప్పదని డైరెక్టరుగారు తేల్చి చెప్పారు. అప్పటికి ఆరుగురు పరిశోధకులు సగం శిక్షణలో ఉన్నారు.

ఆ సాయంత్రం ఇంట్లో జరిగిన సంభాషణను, సర్వేయరుగా పనిచేసి రిటైరైన వారి భర్తగారు, అర్ధాంగి అనుమతితోనే, ఈ వీడ్కోలు సంచిక కోసం చెప్పారు.

"పదిహేనేళ్ళుగా కలవరిస్తున్నావు. వెళ్ళడానికేం?" అన్నారాయన.

"వెళ్తే ఏడాదికి నూటఇరవై మందికి చెబుతానండీ. ఉంటే ఆరుగురికే. కానీ ఆ ఆరుగురూ తలా నూటఇరవై మందికి చెబుతారు."

"లెక్క బాగానే ఉంది. మరి నీ సంగతి?"

మేడమ్‌గారు తెల్లవారగానే, రాలేనని కళాశాలకు ఉత్తరం రాసి, తామే వెళ్ళి ఇచ్చి వచ్చారు. ఆ ఆరుగురిలో ఏ ఒక్కరికీ ఈ సంగతి నేటివరకు తెలియదు. ఈ పుటలు చదివి ఇప్పుడు తెలుసుకుంటారు.

వారు తరగతి ముందు నిలబడిన సందర్భం మాత్రం ఒకటుంది. 2016లో, పాఠం చెప్పవలసిన పరిశోధకురాలికి జలుబుతో ఉదయానికి గొంతు పూర్తిగా పోయింది. వేరే ఎవరూ అందుబాటులో లేరు. మేడమ్‌గారు గుప్పెడు ఎండుద్రాక్ష పొట్లం కట్టుకుని వీధి దాటారు. నీళ్ళలో వేస్తే ఇది ఉబ్బుతుంది, ఉప్పు దట్టంగా కలిపిన నీళ్ళలో వేస్తే ఏమవుతుందని అడిగి, చేతులు కట్టుకుని ఊరుకున్నారు. ఆ యాభై నిమిషాలూ పిల్లలు వాదించుకున్నారు, తప్పులు చెప్పారు, ఒకరి తప్పు ఒకరు దిద్దుకున్నారు. మేడమ్‌గారు వారి మాటలన్నీ నల్లబల్ల మీద రాస్తూ పోయారు. గొంతు పోయిన పరిశోధకురాలు చివరి వరుసలో కూర్చుని, రాసుకోవడం కూడా మరచి చూస్తూ ఉండిపోయారు.

గంట కొట్టాక ఒక విద్యార్థిని దగ్గరకు వచ్చి, "రేపు కూడా మీరే వస్తారా మేడమ్?" అని అడిగింది.

"లేదమ్మా. రేపటికి మీ మేడమ్‌కి గొంతు వచ్చేస్తుంది."

"పోనీ, ఎల్లుండి?"

మేడమ్‌గారు ఆ అమ్మాయి భుజం తట్టి వచ్చేశారు. మెట్ల దగ్గర అటెండరు, "చేతినిండా సుద్దపొడి ఉందండీ, కుళాయి అటుంది" అన్నాడు. "ఉండనీలే" అన్నారు వారు. సాయంత్రం దాకా చేతులు కడుక్కోలేదు.

పాతికేళ్ళలో నూటనలభై ముగ్గురు పరిశోధకులు వారి వద్ద శిక్షణ పొంది, నేడు ఎన్నో కళాశాలల్లో విజ్ఞాన శాస్త్రం బోధిస్తున్నారు. వారెవరి పాఠాన్నీ మేడమ్‌గారు పొగిడి ఊరుకోలేదు, తెగిడి వదిలేయలేదు. ప్రతి పాఠానికీ రెండు పుటల అభిప్రాయం రాసి ఇచ్చారు. పోయిన వారం ఈ బాధ్యత స్వీకరించబోయే సహోద్యోగిని, తాళాలు అందుకుంటూ, ఇకపై ఏం చేయదలచుకున్నారని అడిగారు.

"మా ఇంటి దగ్గర కాలేజీకి దరఖాస్తు పెట్టాను. మొదటి సంవత్సరం వాళ్ళకి వారానికి రెండు క్లాసులిస్తే చాలని రాశాను."

"ఏమన్నారు మేడమ్?"

"ఇంకా ఏమీ అనలేదు. రోజూ పోస్టు వచ్చే వేళకి మా అమ్మాయి ఫోన్ చేసి మరీ అడుగుతోంది."

ఈ సంచిక అచ్చుకు వెళ్ళేనాటికి ఆ జవాబు రాలేదు.

మేడమ్‌గారికి గంటసేపు నిలబడి మాట్లాడగల ఓపికా, గది చివరిదాకా వినిపించే కంఠమూ, దూరాన చేయెత్తిన పిల్లలను పోల్చుకోగల చూపూ చిరకాలం నిలవాలని, భర్తగారితోనూ కుమార్తెతోనూ నిండు నూరేళ్ళు ఆరోగ్యంగా, ఆనందంగా జీవించాలని సహోద్యోగులమందరం మనసారా కోరుకుంటున్నాము. ఆ కళాశాలవారికి కూడా మాదొక విన్నపం. దయచేసి జవాబు త్వరగా రాయండి. జులై రెండో వారంలో మొదటి సంవత్సరం తరగతులు మొదలవుతాయి.